జెల్లకు కావలసింది నేల

కరుణాకుమారి అరచేతిలో చచ్చిన జెల్ల చేప. సైన్సు గది గుమ్మంలో, ఆరేళ్ల తరవాత, జయకుమార్. పోయిన వారం ఇద్దరినీ అలా ఎదురెదురుగా నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, వారం రోజులుగా నిలబడే ఉన్నారు.

ఈ వారమే మనతో కలిసిన వారి కోసం నాలుగు మాటలు. నెల్లూరు మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో కరుణాకుమారి సైన్సు టీచరు. ముప్పై ఒకటి దాటింది, పెళ్లి కాలేదు. బడి జూబిలీకి పెట్టే ఎగ్జిబిషన్‌లో బతికున్న చేపల తొట్టి ఒకటి ఉండాలని పెద్ద టీచరు గారికి సరదా పుట్టింది. సరదా ఆవిడది, చాకిరీ కరుణది. ఇనప చట్రంలో అద్దాలు బిగించి తొట్టి చేయించింది. బడి వీధిలో చేపలమ్మే పేరమ్మ చేత వేలెడంత లేని చిన్న జెల్లలు ఎనిమిది తెప్పించింది. తొమ్మిది రోజుల్లో అయిదు చచ్చాయి. దిక్కు తోచక చేపల శాఖకు బడి తరఫున ఉత్తరం పెడితే, సలహా చెప్పమని వాళ్లు పంపిన మనిషి ఈ జయకుమార్. యాభై ఏడులో ఒక్క మాటైనా చెప్పకుండా కలకత్తా రైలెక్కి పోయిన మనిషి. ఎందుకు పోయాడన్న ఒక్క ప్రశ్నను కరుణ ఈ ఆరేళ్లూ ఎవరికీ చూపించకుండా మోసింది.

"రావచ్చా?" అన్నాడు జయకుమార్.

"రండి."

అతను చెప్పులు గుమ్మం పక్కన విడిచి లోపలికి వచ్చాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. భుజానికి ఖాకీ సంచి. మనిషి మొహం వైపు చూడకుండా తిన్నగా ఆమె చేతి వైపు చూశాడు. చచ్చిన చేప ఉండబట్టి ఇద్దరికీ చూడ్డానికి ఏదో ఒకటి దొరికింది.

"సంగం ఊళ్లో చేపల ఆఫీసులో మూడు నెలల్నించి ఉన్నా. మీరు ఈ బళ్లో ఉన్నారని తెలియదు" అన్నాడు. "ఉత్తరం మీద పెద్ద టీచరు గారి సంతకం ఉన్నింది."

"తెలిస్తే రాకపోదురేమో."

అతను ఆమె చేతిలోని జెల్లను కాగితం మీద పెట్టి ఇటూ అటూ తిప్పి చూశాడు. పక్కన రెక్క మొదట్లో తెల్లగా దూదిపింజంత బూజు పట్టి ఉంది. కాసేపు దాన్నే చూసి, పక్కన పెట్టి, కిటికీ దగ్గరున్న తొట్టి దగ్గరికి నడిచాడు.

తొట్టి అడుగు వెడల్పు, అడుగు పొడుగు. ఎత్తు మాత్రం రెండున్నర అడుగులు.

"ఇంత ఎత్తు పెట్టమని ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. హాల్లో వెనక నిలబడ్డ పిలకాయలకు కూడా కనపడాల గదా అని నేనే పెట్టించినా."

"తొట్టి బాగుంది. పైన తిరిగే చేపలకైతే చాలా బాగుంది. ఇవి అట్టాంటివి కావు." అతని గొంతు మెల్లగా పాత జయకుమార్ గొంతయింది. చేపల మాట వస్తే చాలు, ఎదుట కలెక్టరున్నా కాపలావాడున్నా ఒకేలా మాట్లాడే గొంతు. "జెల్ల బతుకంతా అడుగునే. మీసాలతో ఇసుక తడుముకుంటా తినేదీ అడుగునే, పడుకునేదీ అడుగునే. మీరు పైన రెండడుగుల నీళ్లు పోసినారు. మనకు మెట్లు లేని మేడ కట్టిచ్చినట్టే. జెల్లకు కావలసింది ఎత్తు కాదు, నేల."

"ఎంత నేల?"

కరుణ అప్పటికే పాఠం నోట్సు పుస్తకం తీసి పెన్సిలు పట్టుకుంది. రాసుకోకపోతే చేతులు ఏం చేస్తాయో ఆమెకే నమ్మకం లేదు.

"మూడడుగుల పొడుగు. అడుగున్నర వెడల్పు. ఎత్తు అడుగు చాలు, ఆపైన అద్దం దండగ. ఈ గులకరాళ్లు తీసెయ్యండి, మీసాలు అరిగిపోతాయి. సన్నని ఏటి ఇసుక కడిగి రెండంగుళాల మందాన పరవండి. దాక్కునేదానికి పగిలిన కుండపెంకులు నాలుగు బోర్లించండి. అవును, మిగిలిన మూడూ ఏవీ?"

కరుణ అలమర వైపు చూపించింది. పై అరలో వరసగా మూడు గాజు జాడీలు. ఒక్కో జాడీలో ఒక్కో జెల్ల. మూడూ గాజు గోడలకు తల ఆనించి కదలకుండా ఉన్నాయి.

జయకుమార్ జాడీల దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

"ఎందుకిట్ట చేసినారు?"

"ఎక్కువయి చస్తా ఉన్నాయనుకున్నా. ఎనిమిది పెట్టినా, ఇరుకయింది. అయిదు పోయినాయి. వేరే వేరేగా పెడితే ఈ మూడన్నా మిగులుతాయని..."

"తింటా ఉన్నాయా?"

"లేదు. మూడు రోజులయింది."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. సైన్సు టీచరమ్మ వైద్యం సరిగ్గా అలాగే ఉంది. జయకుమార్ నవ్వలేదు. జాడీలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిది ఎక్కువ కాదండీ. నేల తక్కువ. అంతే. ఆరుకు తగ్గితే ఇవి ఉండలేవు. ఏట్లో ఎప్పుడన్నా ఒంటరి జెల్లను చూసినారా? గుంపుగానే తిరగతాయి. పక్కన ఇంకోటి తగలతా ఉంటేనే మేతకు బయటికి వచ్చేది. ఒక్కదాన్నే పెడితే నీళ్లెంత మంచివయినా, మేతెంత వేసినా, ఇదో, ఇట్ట మూలకు తల పెట్టుకుని ఉంటుంది. జబ్బేమీ ఉండదు. తొందరగా చచ్చిపోదు కూడా. అట్టా ఉంటుంది, అంతే."

అతను చేపల గురించే అన్నాడు, కరుణకు ఆ సంగతి తెలుసు. అయినా పొద్దున్నే లేచి, నాన్నకు కాఫీ పెట్టి, బడికి వచ్చి, నలభై మంది పిల్లలకు కప్ప గుండెకాయ బొమ్మ వేయించి, ఇంటికి పోయి పడుకునే ఆరేళ్లు ఆమె కళ్ల ముందు ఒక్కసారిగా నిలబడ్డాయి. జబ్బేమీ లేదు. ఎవరడిగినా బాగున్నానంది, బాగానే ఉంది కూడా. ముత్తుకూరు బస్సు దారిలో చెడిపోయిన ఒక మధ్యాహ్నం ఇతను టిక్కెట్టు వెనక పెన్సిలుతో ఇంటి వరండా గీసి, వరండా పొడుగునా అద్దాల తొట్టి గీసి, "మనింట్లో ఇట్ట పెట్టుకుందాం" అన్నాడు. తొట్టి సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. మనిల్లు అన్న మాటను మాత్రం మరవలేకపోయింది.

జయకుమార్ ఆ ఎత్తు తొట్టిలోనే నీళ్లు మూడొంతులు తోడేసి, గులకరాళ్లు ఏరి, మూడు జెల్లలనూ అందులోకి ఒంపాడు. ముందు మూడూ మూడు వైపులకు పారిపోయాయి. తరవాత ఒకటి జంకుతూ జంకుతూ వచ్చి రెండోదాన్ని ఒరుసుకుంది. మూడోది వచ్చి ఆ రెండింటి మధ్య దూరింది. కాసేపటికి ఆరు జతల మీసాలో, పది జతలో, అడుగున ఆడడం మొదలెట్టాయి. కరుణ పకపకా నవ్వింది. నవ్వి తలెత్తేసరికి అతను చేపల్ని చూడడం లేదు, తనను చూస్తున్నాడు. ఇద్దరూ చూపులు మళ్లించుకున్నారు.

అదే వేళకు చంకలో కుండతో పేరమ్మ వచ్చింది.

"టీచరమ్మా, తెచ్చినా! పోయినవాటికి బదులు అయిదు అడిగితివి గదా, అయిదూ, ఒకటి కొసరు. మా ఆయన తెల్లారకముందే కాలవలో దిగినాడు." కుండ బల్ల మీద పెట్టి జయకుమార్‌ని ఎగాదిగా చూసింది. "ఎవురీయన? ఆఫీసరా?"

"చేపల ఆఫీసు నుంచి వచ్చినారు పేరమ్మా."

"అయితే చూడు సామీ, నువ్వే చెప్పు, ఎంత నిగనిగలాడతా ఉండాయో. బెదురు లేకుండా చెయ్యి పెట్టు. ఒక్క ముల్లుంటే ఒట్టు. పిలకాయలు తొట్లో చెయ్యి పెడతారని మా ఆయన ఒకటొకటే పట్టుకుని విరిచేసినాడు."

కుండలో పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. జయకుమార్ ఒక జెల్లను పైకి తీసి వెలుతురుకు పట్టాడు. రెక్కల దగ్గర రెండు పక్కలా, వీపు మీద, ముల్లుండవలసిన చోట ఎర్రగా మొండి.

"పోయినసారి తెచ్చినవాటికీ విరిచినారా?"

"విరవకుండా ఎట్టా ఇస్తారు సామీ? జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచి మూడు దినాలు మంట. బడి పిలకాయలకు ముల్లుతో ఇస్తే పాపం తగలదా?"

కరుణ కుర్చీలో కూలబడింది. ఇక్కడ ఆమెను తప్పు పట్టడం సులువే. సైన్సు చదివిన మనిషి, చేపకు ముల్లు లేదని గమనించవద్దా? అయితే ఈ ఒడ్డున పుట్టినవాళ్లెవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ముల్లున్న జెల్లను మీరెప్పుడు చూశారు? వల లాగీ లాగగానే బెస్తవాళ్లు చేసే మొదటి పని ముల్లు విరవడం. గంపలోకి వచ్చేదీ, మన వంటింట్లోకి వచ్చేదీ ముల్లు లేని జెల్లే. కరుణకు జెల్ల పులుసు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, ముల్లున్న జెల్ల తెలియదు. చదువుకున్న పుస్తకంలో బొమ్మకు ముళ్లున్నాయి గాని, అది వేరే దేశపు జాతి కాబోలు అనుకుంది.

"పుండు పడిన చోట బూజు పట్టింది" అన్నాడు జయకుమార్ మెల్లగా. "ఇరుకు తొట్టిలో అవి బతికే ఉండేవి, సుఖంగా ఉండేవి కావు, అంతే. చంపింది మాత్రం ఆ పుండే."

పేరమ్మ మొహం వాడిపోయింది. "అంటే నా మొగుడే చంపినాడా సామీ?"

"లేదు పేరమ్మా" అంది కరుణ లేచి. "పిలకాయల మంచికే చేసినాడు గదా."

"మంచికే చేసినాడులే. దాని ముల్లు దానికి అక్కర ఉంటదా లేదా అని ఒక మాట నిన్నడిగుంటే సరిపోయుండునే. నేనన్నా అడిగితినా? మా మంచి మాదే అనుకుంటిమి." పేరమ్మ కుండ మళ్లీ చంకకెత్తుకుంది. "వీటిని కాలవలోనే ఇడిచిపెడతా. రేపు ముళ్లతోనే తెస్తా. ఆయన చెయ్యి వాస్తే వాయనీ."

పేరమ్మ వెళ్లిపోయింది. జయకుమార్ తడి చేతులు తుడుచుకుని సంచి సర్దుకుంటున్నాడు. ఇంకో రెండు నిమిషాల్లో చెప్పులు తొడుక్కుంటాడు. ఇంకో ఆరేళ్లు. ఆ లెక్క కరుణకు భయం పుట్టించింది. ఆ భయమే నోరు తెరిపించింది.

"ఆ పొద్దు మీరూ ఒక మాట చెప్పి పోయుంటే బాగుండేది."

సంచి సర్దుతున్న చేతులు ఆగాయి.

"ఎవరికి చెప్పి?"

"నాకు. ఇంకెవరికి? స్టేషనుకు పోయేవాళ్లు ఎవరో చూసి చెపితే నాకు తెలిసింది. అప్పుడు అమ్మ ఆస్పత్రిలో ఉన్నింది. మంచం పక్కనే కూర్చుని తలుపు వైపు చూస్తా ఉండినా. వారం రోజులు."

"నేను మీ ఇంటికి వచ్చినా కరుణ గారూ."

కరుణ చేతిలో పెన్సిలు బల్ల మీద పడి దొర్లింది.

"పోయే ముందు రోజు వచ్చినా" అన్నాడు అతను. "కలకత్తా పక్కన రెండేళ్ల ట్రైనింగు వచ్చింది, పెళ్లి చేసుకుని పోదాం అని అడిగేదానికి వచ్చినా. మీరు ఆస్పత్రిలో ఉన్నారు. మీ నాన్నగారు కాఫీ ఇచ్చినారు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. 'కరుణ పెళ్లి వద్దని తీర్మానం చేసుకుంది బాబూ. నీ మొహాన చెప్పలేక నన్ను చెప్పమనింది. మళ్లీ అడిగి దాన్ని ఏడిపించొద్దు' అన్నారు. ఎంత ప్రేమగా చెప్పినారంటే నాకు కోపం గూడా రాలేదు. లేచి వచ్చేసినా."

కరుణ నాన్న సంజీవరావు గారు అబద్ధమాడరని ముత్తుకూరంతా చెప్పుకుంటారు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా ఉండి, చేదు మందును చేదని చెప్పి తాగించిన మనిషి. తల్లి మంచం పట్టింది, తమ్ముళ్లిద్దరూ చదువులో ఉన్నారు, ఇంట్లో జీతం తెచ్చేది కరుణ ఒక్కతే. ఆ పరిస్థితిలో ఆమె ఏమనేదో ఆయన ముందే ఊహించి, ఆ మాటేదో తనే అనేశాడు. కూతురికి నొప్పి లేకుండా.

"నేను అనలేదు" అంది కరుణ. "ఆ మాట నేను అనలేదు. నన్నెవరూ అడగనే లేదు."

"కరుణా..."

ఆరేళ్ల తరవాత గారు లేకుండా పిలిచాడు. పిలిచి, తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు. కిటికీ బయట పిల్లలు తాడాట ఆడుతున్నారు. కరుణకు అతని చొక్కా పట్టుకుని ఏడవాలనిపించింది. అంత దగ్గర్లో, రెండు బెత్తెల దూరంలో ఉంది ఆ చొక్కా.

"నాకు చిట్టమూరులో సంబంధం కుదిరింది" అన్నాడు నేల చూస్తూ. "గుళ్లో ప్రకటన రెండు ఆదివారాలు చదివేసినారు. ఎల్లుండి మూడోది."

మన క్రైస్తవుల పెళ్లి ఆనవాయితీ అందరికీ తెలియకపోవచ్చు. వరుసగా మూడు ఆదివారాలు అయ్యగారు ఆరాధన మధ్యలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి అని అడుగుతారు. ఎవరూ లేవరు. మూడో ఆదివారం కూడా ఎవరూ లేవకపోతే, ఇక ఎవరూ ఎప్పుడూ లేవడానికి లేదు.

"ఆ అమ్మాయి..."

"మంచిది. ఆమె తప్పేమీ లేదు."

"ఉండదు" అంది కరుణ. "ఉందని నేననలేదు."

"నన్నేం చెయ్యమంటావు?"

ఈ ప్రశ్న కోసం కదా ఆరేళ్లు ఎదురుచూసింది! ఆ సంబంధం వద్దని చెప్పు అనాలని ప్రాణం కొట్టుకుంది. ఎవరో తెలియని ఒక పిల్ల చిట్టమూరులో పెళ్లిచీర మడత విప్పి చూసుకుంటూ ఉంటుందన్న ఊహ నోరు నొక్కింది. పిల్లల తాడాట పాట పూర్తయి మళ్లీ మొదలయింది. జయకుమార్ ఇంకాసేపు నిలబడి, తల వంచి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వరకూ ఆమెకు వినిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు, రోజూ లాగే, సంజీవరావు గొడుగు పట్టుకుని కూతురి కోసం వచ్చాడు. గదిలో అడుగు పెట్టి కరుణ మొహం చూశాడు. గేటు దగ్గర సైకిలు మీద ఎదురైన మనిషిని అంతకు ముందే చూశాడు. ఏమీ తెలియనట్టే, "పోదామా అమ్మా?" అన్నాడు.

"ఎవరు వచ్చి పోయినారో చూసినారు గదా నాన్నా."

ముసలాయన గొడుగు బల్లకు ఆనించాడు. అది జారి కింద పడింది. తీయలేదు.

"మీ అమ్మ మంచంలో ఉన్నింది తల్లీ" అన్నాడు చివరికి. "ఆ బిడ్డ వచ్చి అడిగితే నువ్వు కాదనే అంటావు. కాదని, బతుకంతా ఏడస్తావు. ఆ కాదనేది నా నోటితో అంటే నీకు ఆ ఏడుపన్నా తప్పుతుందని..."

"నన్ను అడగలేదు."

"అడిగుంటే ఏమని ఉందువు?"

కరుణ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"తెలియదు నాన్నా. కాదనే ఉందునేమో. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. అది మీరే లేకుండా చేసినారు."

సంజీవరావు పిల్లలు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. ఎత్తు చాలని ఆ బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని చాలా చిన్నవాడయిపోయాడు. ఆయన మీద కోపం రావాలని కరుణ ఎంత కోరుకున్నా అది ఇంకా రాలేదు. తొట్టిలో నీళ్లు తేరుకున్నాయో లేదో చూసింది, పుస్తకాలు సంచిలో పెట్టుకుంది, తలుపు తాళం చేతిలోకి తీసుకుంది.

"ఆదివారం చిట్టమూరుకు మొదటి బస్సు ఎన్నింటికి?"

"చిట్టమూరుకా? ఎందుకమ్మా?"

"అక్కడి గుళ్లో జయకుమార్ పెళ్లి ప్రకటన. మూడోది. వినాల."

సంజీవరావు లేవబోయి, బల్ల అంచు పట్టుకుని ఆగాడు. ఏదో చెప్పబోయాడు. జవాబు తనే చెప్పేయడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈసారి ఆ అలవాటును కష్టంగా మింగి, కూతురిని అడిగాడు.

"విని కూర్చునే ఉంటావా తల్లీ... లేచి నిలబడతావా?"

"మీరూ రండి నాన్నా" అంది కరుణ. "నేనేం చేస్తానో నాతో పాటు మీరూ అక్కడే చూద్దురు."